గాలి బిళ్లలూ పది కిలోలూ

కాటాల కొట్టు, వెనక గది
జనవరి 11

బంగారు తల్లికి,

కలిసిందమ్మా, నా కిడ్నీ నీకు సరిపోతుందట.

ఈ ముక్క ముందు రాసేసి, ఇప్పుడు ఊపిరి పీల్చుకుంటున్నాను. పొద్దున్న ఆసుపత్రి నుంచి కాగితం వచ్చింది. అంతా అంకెలే, నాకేం అర్థం కాలేదు. పక్కనున్న మందుల షాపాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, "మీ అమ్మాయికి మంచి రోజులొచ్చాయండీ" అన్నాడు. కౌంటరు మీదుగానే వాటేసుకున్నాను. ఆయన చేతిలో ఎవరికో ఇవ్వబోతున్న దగ్గుమందు ఉంది, అది కాస్తా నా చొక్కా మీద ఒలికింది. ఇంటికొచ్చాక మీ అమ్మ ఆ మరక చూసి "ఎవరితో గొడవపడ్డారు" అంది. కాగితం ఆవిడ చేతిలో పెట్టాను.

అల్లుడి రక్తం గ్రూపు కుదరలేదు, మీ అమ్మకి షుగరు. అరవై మూడేళ్ల ముసలాడు ఎందుకు పనికొస్తాడులే అనుకున్నారందరూ. పనికొచ్చాను చూశావా. రెండేళ్ల నుంచి వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు నువ్వు ఆ డయాలసిస్ యంత్రం పక్కన పడుకుంటుంటే ఇక్కడ నాకు తిన్నది ఒంటబట్టలేదు.

ఒంటబట్టలేదని రాశాను గాని, అసలు మెలిక అక్కడే ఉంది. నేను తొంభై నాలుగు కిలోలున్నాను. పది తగ్గితేగాని ఆపరేషన్ చేయరట. మార్చి ఆఖర్న ఒకసారి చూస్తారు, జూన్ దాటితే లాభం లేదన్నారు. నలభై ఏళ్లుగా కాటాలు బాగుచేస్తున్నవాణ్ణి. ఊళ్లో బియ్యం బస్తాలు తూచే కాటా దగ్గర్నుంచి నగలు తూచే త్రాసు దాకా నా చేతిలో సరైనవే. నా ఒంట్లో పది కిలోలు సరిచేసుకోలేనా.

దారి కూడా దొరికింది. మొన్న పరీక్షలకి వచ్చినప్పుడు ఆసుపత్రి కింద కొట్లో ఒక ప్యాకెట్టు చూశాను. బియ్యం పొంగించి చేసిన తెల్లటి గుండ్రటి బిళ్లలు, ఊదితే ఎగిరిపోతాయి. పైన పెద్ద అక్షరాలతో పదిహేను కేలరీలు మాత్రమే అని ఉంది. ఒక ప్యాకెట్టు తెచ్చి నగల త్రాసులో వేశాను. ఐదు గ్రాములు తూగింది. ఐదు గ్రాములు తిన్నవాడు ఐదు గ్రాముల కన్నా ఎలా బరువెక్కుతాడు, నువ్వే చెప్పు. ఉప్పగా, కరకరలాడుతూ నోటికి హాయిగా ఉన్నాయి. గాలి బిళ్లలని పేరు పెట్టాను. ఇవి తింటూ తగ్గిపోతాను చూడు.

ఫోన్లో సగం మాటలు నాకు వినపడవు. ఉత్తరమే రాయి.

మీ నాన్న


ఆసుపత్రి వెనక వీధి, రెండో అంతస్తు
జనవరి 23

నాన్నకి,

ఉత్తరం అందింది. నేను మిషను మీద కర్టెన్లు కుడుతుంటే మీ అల్లుడు పైకి చదివి వినిపించారు. "మీ నాన్న ఉత్తరం రాసినా మైకులో మాట్లాడినట్టే ఉంటుంది" అన్నారు.

సంతోషం నాన్నా. కానీ తొందరపడకు. ఆసుపత్రి జాబితాలో నా పేరు ఉంది, ఎవరిదో ఒకరిది దొరక్కపోదు. ఈ వయసులో నువ్వు కడుపు మాడ్చుకుంటే అమ్మకి ఇంకో పని తగులుతుంది.

నువ్వు చెప్పిన బిళ్లలు మా వీధి చివరి దుకాణంలో పెట్టెల్లెక్కన అమ్ముతారు. మీ అల్లుడు నడిపే బస్సు ఎలాగూ అటే వస్తుంది కదా, ఒక పెట్టె పంపిస్తున్నాను. నూట అరవై ప్యాకెట్లు. ఆకలికి నువ్వు ఓర్చుకోలేవని నాకు తెలుసు. భోజనం ఏమీ మానకు. ఇవి ఎన్ని తిన్నా పరవాలేదు.

నేను బాగానే ఉన్నాను.


కాటాల కొట్టు, వెనక గది
ఫిబ్రవరి 19

బంగారు తల్లికి,

పెట్టె అందింది. అందడమేమిటి, అయిపోవచ్చింది కూడా. ఆ పెట్టె తెరిచినప్పుడు నీ చెయ్యి పట్టుకున్నట్టనిపించింది. నీ ఒంట్లో బాగాలేకపోయినా నా ఆకలి గుర్తుపెట్టుకున్నావు. ఇలాంటి కూతురు ఎవరికుంటుంది.

పొద్దున్న టీతో ఒక ప్యాకెట్టు, కొట్లో రెండు, దారిలో ఒకటి, సాయంత్రం రెండు. మీ అమ్మ ఏమంటోందో తెలుసా.

"ఇంట్లో ఎలకలు పడ్డాయేమోనని బీరువా వెనకంతా వెతికాను. చూస్తే మీరు."

"ఇది మందు అనుకో."

"మందు తిని అన్నం మానేస్తారా ఏంటి?"

"ఎందుకు మానేస్తాను? మానొద్దని అమ్మాయి కూడా రాసింది."

ఇప్పుడు అసలు సంగతి. ప్రతి ఆదివారం పొద్దున్నే కొట్లో బస్తాల కాటా మీద చొక్కా విప్పి నిలబడుతున్నాను. మొదటి వారం తొంభై మూడున్నర వచ్చింది. మీ అమ్మని పిలిచి చూపించాను. రెండో వారం తొంభై మూడు కిలోల తొమ్మిది వందల గ్రాములు. మూడో వారం తొంభై నాలుగుకి రెండు వందల గ్రాములు పైన. నేను నమ్మలేదు. కాటానే తప్పు చెబుతోందనుకున్నాను. పూర్తిగా విప్పాను. స్ప్రింగులు కడిగి, నూనె వేసి, మళ్లీ బిగించి, ముద్ర పడిన ఇరవై కిలోల రాళ్లు నాలుగు ఎక్కించాను. ముల్లు ఎనభై మీద కదలకుండా నిలబడింది. గ్రాము తేడా లేదు.

నలభై ఏళ్లలో మొదటిసారి, కాటా పాడైతే బాగుండునని కోరుకున్నాను.

రోజు రోజుకీ ఆకలి పెరుగుతోందమ్మా. బిళ్లలు తిన్న గంటకల్లా కడుపు మళ్లీ నకనకలాడుతుంది. అంత తేలికైనవే తిన్నాను కదా అని ఇంకో గరిటె వేయించుకుంటున్నాను. నిన్న నాలుగింటికి బేకరీలో తీపి బన్ను కూడా తిన్నాను, నీ దగ్గర దాచడం ఎందుకు. దిగులుపడకు. ఇంకా నెల పైన ఉంది. ఇంకో పెట్టె పంపగలవా.

మీ నాన్న


ఆసుపత్రి వెనక వీధి, రెండో అంతస్తు
ఫిబ్రవరి 27

నాన్నకి,

రెండు పెట్టెలు పంపిస్తున్నాను. ఈసారి కారం వేసినవి కూడా ఉన్నాయి.

నువ్వు కాటా విప్పేశావని చదివి మీ అల్లుడు చాలాసేపు నవ్వారు. నేనూ నవ్వాను.

ఒకవేళ తగ్గకపోతే తగ్గలేదు నాన్నా. నీ ప్రయత్నం నువ్వు చేశావు. అంతకన్నా ఎవరేం అడుగుతారు. కుదరలేదని ఆసుపత్రివాళ్లే చెబితే అందులో నీ తప్పేం ఉండదు.

నా గురించి బెంగ వద్దు. కుట్టుపని కొంచెం తగ్గించాను, అంతే.


కాటాల కొట్టు, వెనక గది
మార్చి 30

తల్లీ,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

నిన్న ఆసుపత్రికి వెళ్లొచ్చాం. బరువు తొంభై నాలుగు కిలోల ఏడు వందలు. మొదలుపెట్టిన రోజు కన్నా ఎక్కువ. నర్సు బీపీ చూసింది. పట్టీ విప్పి, ఇంకో చేతికి కట్టి మళ్లీ చూసింది. అరగంట కూర్చోబెట్టి మూడోసారి చూసింది. మెట్లెక్కి వచ్చాను కదా అన్నాను. "తాతగారూ, మీరు లిఫ్టులోనే వచ్చారు" అంది. ఎంతో నీకు చెప్పకూడదనుకున్నాను. మీ అమ్మ పక్కనే కూర్చుని రాయమంటోంది. పైది నూట అరవై ఎనిమిది.

ఆహారం సంగతి చెప్పే మేడం దగ్గరికి పంపారు. సన్నగా, కఠినంగా ఉంది, మన గురించి అంతా తెలిసినట్టు మాట్లాడింది. గాలి బిళ్లల ప్యాకెట్టు గర్వంగా ఆవిడ బల్ల మీద పెట్టాను.

"రోజుకెన్ని?" అంది.

"ఆరు. ఒక్కోసారి ఎనిమిది."

"వీటి బదులు ఏం మానేశారు?"

"బదులంటే?"

"వీటిని తిన్నందుకు ఎవరూ తగ్గరండీ. వీటిని పెట్టుకుని ఏం వదిలేశారో దాని వల్ల తగ్గుతారు. మీరేం వదిలేశారు?"

ఆలోచించాను తల్లీ. నిజంగా ఆలోచించాను. "ఏమీ వదల్లేదమ్మా" అన్నాను. "అన్నం తిన్నాను, ఇవీ తిన్నాను. తేలికైనవి కదా అని ఒక బన్ను కూడా తిన్నాను."

ఆవిడ నవ్వితే బాగుండేది. నవ్వలేదు. ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాలు చదివించింది. కేలరీలు పదిహేనే. కానీ ఒక్కో ప్యాకెట్టులో ఎంత ఉప్పుందో, అవి ఎనిమిదైతే ఎంతవుతుందో కాగితం మీద కూడి చూపించింది. ముందు వైపున్న అంకె ఒక్కటే చదివాను నేను. వెనక్కి తిప్పి చూడాలని తోచలేదు. తూకం రాయికి అడుగున ఏముందో చూడకుండా ఏనాడూ కాటా మీద పెట్టని మనిషిని.

జూన్ ఆఖరు దాకా టైమిచ్చారు. బరువు దిగకపోయినా, బీపీ దిగకపోయినా నా ఫైలు మూసేస్తారట. ఆ మాట ఆవిడ చాలా మెల్లగా చెప్పింది, నాకు మాత్రం మొదటిసారి ఒక్క అక్షరం పోకుండా వినపడింది.

నీకు మొహం చూపించలేక మీ ఇంటికి రాకుండానే తిరిగొచ్చేశాం. బస్సులో వస్తుంటే మీ అమ్మ నా చెయ్యి వదల్లేదు. ఏడుపొస్తే కిటికీ వైపు తిరిగాను.

నువ్వు మాత్రం ఏమీ అనుకోకు. ఆ పెట్టెలు నువ్వు పంపావని కుమిలిపోకు. నీకేం తెలుసు పాపం. నా మీద ప్రేమతో పంపావు.

మీ నాన్న


ఆసుపత్రి వెనక వీధి, రెండో అంతస్తు
ఏప్రిల్ 5

నాన్నా,

నాకు తెలుసు.

జనవరిలో నీ మొదటి ఉత్తరం వచ్చిన మర్నాడే ఆ మేడంని అడిగాను. నాకు తిండి కొలతలు చెప్పేది కూడా ఆవిడే. మా నాన్న ఈ బిళ్లలు తిని తగ్గుతానంటున్నాడు, తగ్గుతాడా అని అడిగాను. నీతో అన్న మాటే నాతోనూ అంది. ఏదైనా మానేసి వాటిని తింటే కొంత మేలు, మామూలు తిండి మీద తింటే ఒక్క గ్రాము కూడా తగ్గరంది. అక్కడి నుంచి తిన్నగా వీధి చివరి దుకాణానికి వెళ్లి నీకు పెట్టె కొన్నాను. భోజనం ఏమీ మానకు అని ఉత్తరంలో రాసింది అందుకే.

నువ్వు తగ్గకూడదని కోరుకున్నాను. నేను వద్దంటే నువ్వు వినవు. ఆసుపత్రివాళ్లే వద్దంటే ఊరుకుంటావనుకున్నాను.

డయాలసిస్ గదిలో నా పక్క మంచం మీద ఒకావిడ ఉంటుంది. వాళ్ల నాన్న తన కిడ్నీ ఆవిడకి ఇచ్చాడు. ఆర్నెల్లకి అది పాడైపోయింది. ఇప్పుడావిడ మళ్లీ యంత్రం మీదే. ఆ పెద్దాయన ప్రతిసారీ తోడొస్తాడు. లోపలికి రాడు. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని, నాసిరకం సరుకు అమ్మిన మనిషిలా తల దించుకుని ఉంటాడు. ఆవిడ ఎన్నిసార్లు పిలిచినా లేవడు. నువ్వు ఆ స్టూలు మీద కూర్చోవడం నేను చూడలేను. నీకేమైనా అయితే అమ్మ ముఖం అసలే చూడలేను.

ఉప్పు సంగతి నాకు తెలియదు. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. నూట అరవై ఎనిమిది అని చదవగానే మీ అల్లుడికి అంతా చెప్పేశాను. ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు "ఇదంతా మీ నాన్నకి రాస్తావా, నన్ను రాయమంటావా" అన్నారు.

మిగిలిన ప్యాకెట్లు పారేయి నాన్నా. బీపీ రోజూ చూపించుకో. నన్ను తిట్టు. ఏమైనా అను, ఒక్క ముక్క రాయి.


కాటాల కొట్టు, వెనక గది
ఏప్రిల్ 17

అమ్మాయికి,

ఉత్తరం చదివాను. మీ అమ్మకి చూపించలేదు.

కాటా పళ్లెం అంచు మీద వేలు పెట్టి నొక్కే వ్యాపారుల్ని నలభై ఏళ్లుగా చూస్తున్నాను. వాళ్ల కాటాలు బాగుచేయనని మొహం మీదే చెప్పి వచ్చేసేవాణ్ణి. అందరూ తమ వైపు మొగ్గాలనే నొక్కేవాళ్లు. తనకి రావాల్సింది రాకుండా తన పళ్లేన్నే పైకి ఎత్తిపట్టుకున్న మనిషిని ఇన్నాళ్లకి చూశాను. అది నా కూతురు. పన్నెండు రోజులూ అందుకే రాయలేదు.

ఆ పెద్దాయన గురించి రాశావు. ఆయన ఇచ్చినందుకు తల దించుకున్నాడని నువ్వనుకుంటున్నావు. నాకలా అనిపించలేదు. ఇంకొకటి కూడా ఉంటే బాగుండునని కూర్చుని ఉంటాడు.

నేను తగ్గుతాను. అది నా పని, నీ పెట్టెలతో సంబంధం లేదు. నీ పని ఒకటుంది. నీకు కావాలో వద్దో చెప్పు. నా వయసు గురించి వద్దు, మీ అమ్మ గురించి వద్దు. నీకు కావాలా. అది చెప్పేదాకా నాకు ఇంకేమీ రాయకు.


ఆసుపత్రి వెనక వీధి, రెండో అంతస్తు
మే 14

నాన్నా,

దాదాపు నెల పట్టింది.

ఈ నెలలో రెండుసార్లు సూదికి నరం దొరకలేదు. ఎడమ చేతి నరం మూసుకుపోయింది, మెడ దగ్గర గొట్టం పెట్టారు. పోయినవారం జ్వరం వచ్చి ఐదు రోజులు వార్డులో ఉన్నాను. ఇది నీకు రాయకుండా దాచుదామనుకున్నాను. దాచడం ఇక చాలనిపించింది. కుట్టుమిషను కూడా అమ్మేశాం. మీ అల్లుడు దాన్ని మెట్లు దింపుతుంటే నేను లోపలి గదిలోకి వెళ్లిపోయాను.

పక్క మంచం ఆవిణ్ణి అడిగాను, మీ నాన్న దగ్గర తీసుకోకుండా ఉంటే బాగుండేదని అనిపిస్తుందా అని. ఆవిడ నా వంక విచిత్రంగా చూసింది. "ఆ ఆర్నెల్లూ నేను నీళ్లు తాగాను" అంది.

నాన్నా, నాకు రోజుకి మూడు గ్లాసులు. మాత్రలు మింగే నీళ్లు కూడా అందులోనే. పక్కింటివాళ్లు కుళాయి తిప్పితే చప్పుడు వింటూ కూర్చుంటాను. ఒక చెంబెడు నీళ్లు, మధ్యలో ఆపకుండా, గటగటా తాగాలని ఉంది. మీ అల్లుడి బస్సెక్కి, డయాలసిస్ మంచం కోసం వెనక్కి రావక్కర్లేకుండా, చివరి స్టాపు దాకా వెళ్లాలని ఉంది. నాకు ముప్పై నాలుగేళ్లు. నాకు బతకాలని ఉంది. అది రాయడానికి సిగ్గేసింది. అది రాస్తే నీది అడిగినట్టే కదా. అందుకే ఇన్నాళ్లూ నీ గురించీ అమ్మ గురించీ రాస్తూ వచ్చాను.

కావాలి నాన్నా. నీ కిడ్నీ నాకు కావాలి. ఇస్తావా.


కాటాల కొట్టు, వెనక గది
జులై 4

నా బంగారు తల్లికి,

తేదీ ఇచ్చేశారమ్మా, ఆగస్టు పన్నెండు.

నీ ఫోన్ రాకముందే రాస్తున్నాను, ఫోన్లో నువ్వేమన్నా నాకెలాగూ వినపడదు. ఎనభై నాలుగుకి రాలేకపోయాను. ఎనభై ఐదు కిలోల మూడు వందల దగ్గర ముల్లు మొండికేసింది. పెద్ద డాక్టరు కాగితాలన్నీ తిరగేస్తుంటే ఆయన బల్ల దగ్గరికి జరిగాను. "ఇంకో వారం ఇస్తే ఆ మిగతాది కూడా దింపేస్తానండీ, అన్నం మానేస్తాను" అన్నాను. "అదొక్కటీ చేయకండి" అన్నాడు. బీపీకి రోజుకొక మాత్ర వేసుకుంటున్నాను, పైది నూట ముప్పై రెండు వచ్చింది. ఒక రోజంతా పట్టీ చేతికి కట్టి ఉంచి మరీ చూశారు. పగలూ రాత్రీ అది బిగుసుకున్నప్పుడల్లా శ్వాస బిగబట్టి కూర్చున్నాను. ఆ సంగతి చెబితే, శ్వాస బిగబడితే ఇంకా పెరుగుతుందని నర్సు తిట్టింది. అయినా తక్కువే వచ్చింది. సరేనని సంతకం పెట్టాడు.

ఎలా తగ్గానో రాయాలి నీకు. ఏప్రిల్లో నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి అన్నం పళ్లెం కొట్లోకి తెప్పించుకుని త్రాసులో తూచుకుని తిన్నాను. మేడం చెప్పిన అంకె కన్నా ఒక్క మెతుకు ఎక్కువ లేకుండా. కూరలో ఉప్పు సగం చేసింది మీ అమ్మ, మొదటి వారం ఇద్దరం గోడ వైపు చూస్తూ తిన్నాం. నాలుగింటికి బేకరీ ముందు నుంచి వెళ్లడం మానేసి వెనక సందులోంచి వెళ్లాను. గాలి బిళ్లలు కూడా తిన్నాను, ఉప్పు లేనివి, రోజుకొక్క ప్యాకెట్టు, బన్ను బదులు. బదులు అని మేడం చేత మూడుసార్లు అనిపించుకున్నాను. మట్టిలా ఉంటాయి. ఆపరేషన్ అయ్యాక జన్మలో ముట్టను. ఆకలికి కళ్లు తిరిగిన రోజులున్నాయి. ఒకరోజు బియ్యం కొట్టాయన కాటా విప్పుతూ అక్కడే కూలబడ్డాను, ఆయన నీళ్లిచ్చాడు. గ్లాసు చేతిలో పట్టుకుంటే నువ్వే గుర్తొచ్చావు. తాగలేకపోయాను, తరవాత తాగాను.

ఇది సరిగా పనిచేస్తుందో లేదో డాక్టర్లకే తెలియదంటున్నారు. పనిచేయకపోతే ఆ స్టూలు మీద కూర్చోనని నీకు మాటిస్తున్నాను. లోపలికొచ్చి మంచం మీదే కూర్చుంటాను.

ఇంక ఎవరెవరికి చెప్పాలో రాస్తున్నాను, ఒక్కరినీ మరచిపోకు. పెద్దత్తకి చెప్పాలి, కానీ ముందు వాళ్ల కోడలికి చెప్పి, పెద్దత్తని కుర్చీలో కూర్చోబెట్టాక చెప్పమను, నిలబడి వింటే పడిపోతుంది. మీ అత్తగారికీ మామగారికీ అల్లుడి చేతే చెప్పించు, అది మర్యాద. పెద్ద మామయ్యకి చెబితే చాలు, చిన్న మామయ్యకి ఆయన వద్దన్నా చెబుతాడు. పిన్నికి చెప్పు, రక్తం ఇస్తానని రెండేళ్ల నుంచి అడుగుతోంది, ఇప్పుడు రమ్మను. పెద్దత్త కొడుకుని ఆ వారం సెలవు పెట్టమను, నా మంచం పక్కన వాడుంటాడు, అల్లుడు నీ పక్కన ఉండాలి, మీ అమ్మ ఇద్దరి మధ్యా తిరుగుతుంది. ఇక మీ బాబాయి. వాడు మొదటి నుంచీ నన్ను ఆపుతూనే ఉన్నాడు, ఈ వయసులో నీకెందుకన్నయ్యా, పిల్ల మాత్రం అడిగిందా అంటాడు. వాడికి మాత్రం నేను చెప్పను. నువ్వే ఫోన్ చేసి చెప్పు, నేనే అడిగాను బాబాయ్ అని.